విశాఖ – భీమిలి – అరకు రహదారి

విశాఖపట్నం రామకృష్ణా బీచ్ దగ్గర మొదలై, సముద్రం పక్కనే భీమునిపట్నం దాకా సాగి, అక్కడ పడమటికి మళ్ళి పద్మనాభం, విజయనగరం, శృంగవరపుకోటల మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకులోయలో దిగే రోడ్డు మార్గమిది. పొడవు 150 కిలోమీటర్ల పైచిలుకు. అలల చెంత బయలుదేరిన బండి సుంకరిమెట్ట దగ్గరకు వచ్చేసరికి వెయ్యి మీటర్ల ఎత్తుకు అటూ ఇటూగా ఉంటుంది. అరకు పట్టణం ఎత్తు సుమారు 910 మీటర్లు.

దీనికి అధికారికంగా ఒక పేరు గానీ ఒక నంబరు గానీ లేదు. భీమిలి వరకు బీచ్ రోడ్డు, ఆ తర్వాత మైదానంలో జిల్లా రోడ్లు, విజయనగరం నుంచి అరకు దాకా 516ఇ జాతీయ రహదారి. విశాఖ నుంచి అరకు వెళ్ళేవారిలో ఎక్కువమంది ఈ దారి పట్టరు. పెందుర్తి, కొత్తవలస మీదుగా తిన్నగా శృంగవరపుకోట (ఎస్.కోట) చేరితే 115 కిలోమీటర్లలోపే పని అయిపోతుంది. భీమిలి ఒక సాయంత్రపు షికారుగా, అరకు ఒక శీతాకాలపు సెలవుగా విడివిడిగా మిగిలిపోవడానికి కారణం ఈ దగ్గరి దారే. రెండూ ఒకే ఏటి రెండు కొసలన్న సంగతి చుట్టుతిరుగుడు దారిలో వెళ్ళినప్పుడే తెలుస్తుంది. ఆ ఏరు గోస్తని. పశ్చిమ గోదావరిలో ఇదే పేరుతో ఉన్న కాలువ వేరు. ఈ గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి పారి, తాటిపూడి జలాశయంలో ఆగి, జామి, పద్మనాభం పక్కగా వచ్చి భీమిలి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. మొత్తం పొడవు సుమారు 120 కిలోమీటర్లు. మన మార్గం ఆ ఏటికి ఎదురుగా, సంగమం నుంచి పుట్టుక వైపు నడుస్తుంది.

బీచ్ రోడ్డు

మొదటి ముప్పై కిలోమీటర్లలో కుడిచేతి వైపు సముద్రం కనుమరుగయ్యేది తక్కువ. ఊరి భాగంలో ఇది నౌకాదళపు వీధి. 1971 యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం, 1969లో నౌకాదళంలో చేరి 2001లో విశ్రాంతి తీసుకున్న కుర్సురా జలాంతర్గామి, దానికి ఎదురుగా 2017లో తెరిచిన టీయూ-142 విమానం వరుసగా వస్తాయి. కుర్సురా 2002 నుంచి ప్రదర్శనశాల. మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత ఇరుకు దారుల్లో డెబ్భై మందికి పైగా నెలల తరబడి ఎలా బతికారో చూడటానికే లోపలికి వెళ్ళాలి. కైలాసగిరి దాటాక అపార్టుమెంట్లు పలచబడతాయి. జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్, రుషికొండ, మంగమారిపేట, తిమ్మాపురం దారిలో వచ్చే ఊళ్ళు. వీటిలో చాలావరకు వాడబలిజలు, జాలరుల పల్లెలుగా పుట్టినవే. రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది.

పల్లెల ఒడ్డున ఇప్పుడు తెప్పల కన్నా ఫైబర్ బోట్లే ఎక్కువ. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ రోజుల్లో ఈ దారిన వెళ్తే ఒడ్డుకు లాగిపెట్టిన పడవలు, వేపచెట్ల నీడన వలలు బాగుచేసుకునే మనుషులు కనిపిస్తారు. తుపాన్లు ఈ రోడ్డుకు కొత్త కావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ సరిగ్గా విశాఖ మీదే తీరం దాటి, బీచ్ రోడ్డును చాలాచోట్ల కోసేసింది. ఊరి పచ్చదనాన్ని ఒక్క పూటలో ఊడ్చిపెట్టింది. నేడు దారి పక్కన కనిపించే చెట్లలో చాలావరకు ఆ తర్వాత నాటినవే.

ఎడమచేతి వైపు కొండలు పైకి బోసిగా కనిపిస్తాయి గానీ, ఈ మార్గపు తొలి చరిత్ర వాటి మీదే ఉంది. తొట్లకొండ, బావికొండ, భీమిలి పక్కనున్న పావురాలకొండ మూడూ బౌద్ధ సంఘారామాలు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నుంచి క్రీస్తుశకం రెండు మూడు శతాబ్దాల దాకా ఇవి సందడిగా ఉన్నాయని తవ్వకాలు తేల్చాయి. రాష్ట్ర పురావస్తు శాఖ 1982–87 మధ్య బావికొండలో, 1988–92 మధ్య తొట్లకొండలో తవ్వకాలు జరిపింది. తొట్లకొండ నౌకాదళ అవసరాల కోసం చేసిన సర్వేలో బయటపడింది. మహాస్తూపం, చైత్యాలు, భిక్షువుల గదుల వరుసలు, భోజనశాల పునాదులు ఇక్కడ తేటగా కనిపిస్తాయి. శాతవాహనుల నాణేలతోపాటు రోము వెండి నాణేలు కూడా దొరికాయి. బావికొండలో ఎముక ముక్క ఉన్న ధాతు కరండం బయటపడింది.

ఈ కొండల మీద ఏరు లేదు, ఊట లేదు. భిక్షువులు రాతిని తొలిచి తొట్లు, బావులు చేసుకుని వాననీటిని నిలవ చేసుకున్నారు. వర్షాకాలంలో ఊరూరా తిరగకూడదన్న వర్షావాస నియమం వల్ల వాళ్ళు కొండ దిగకుండా నెలల తరబడి ఉండాల్సివచ్చేది కాబట్టి, ఆ నీటి ఏర్పాటు లేకపోతే ఆరామమే లేదు. ఓడల మీద వచ్చే వర్తకుల దానాల మీద ఆధారపడిన సంఘాలివి. తొట్లకొండ మీద నిలబడి సముద్రం వైపు చూస్తే, ఆ చోటునే ఎందుకు ఎంచుకున్నారో వేరే చెప్పనక్కరలేదు. చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. ఇక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది ఫొటోల కోసం వస్తారు. ఏ కట్టడం ఏమిటో చెప్పే పలకలు ఇంకొంచెం ఓపికగా రాసి ఉంటే వాళ్ళలో సగంమందైనా ఇంకో గంట ఆగేవారు.

ఎర్రమట్టి దిబ్బలు

భీమిలికి కొద్దిగా ముందు, రోడ్డుకూ సముద్రానికీ నడుమ నేల ఒక్కసారిగా ఎర్రబడుతుంది. ఈ దిబ్బలే మొత్తం తీరంలో అన్నిటికన్నా పాత సంగతి చెప్పేవి, అన్నిటికన్నా ఎక్కువ ముప్పులో ఉన్నవి. వానలు కోసిన లోతైన గెడ్డలు, వాటి మధ్య నిట్టనిలువు ఎర్ర గోడలు, పైన జీడిమామిడి, తాటిచెట్లు. ఇసుక రేణువుల మీద ఇనుప ఆక్సైడు పూత పట్టడం వల్ల ఆ రంగు. గత హిమయుగంలో ధ్రువాల దగ్గర నీరు మంచుగా గడ్డకట్టినప్పుడు ప్రపంచమంతటా సముద్రమట్టం నేటికన్నా వంద మీటర్లకు పైగా దిగిపోయింది. అప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి ఒడ్డుకు ఎత్తిపోసింది, వాగులు కదిపాయి, కాలం ఎర్రబరిచింది. గాలి పాలెంత, నీటి పాలెంత అన్న చర్చ భూవిజ్ఞానుల్లో ఇంకా నడుస్తూనే ఉంది. సముద్రం ఎక్కడెక్కడి దాకా వెనక్కి పోయి, ఎప్పుడు తిరిగి వచ్చిందో లెక్కకట్టడానికి ఈ పొరలు ఆధారం. దక్షిణాసియాలో ఇలాంటి తీర ఎర్ర ఇసుక దిబ్బలు చెప్పుకోదగ్గ స్థాయిలో ఉన్న చోట్లు తక్కువ. తమిళనాడులోని తేరి నేలలు వాటిలో ఒకటి.

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఈ దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో తిరుమల కొండలతోపాటు వీటికీ చోటు దక్కింది. ఇంత గౌరవం కాగితాల మీద ఉండగానే దిబ్బల అంచులు చదునవుతూ వచ్చాయి. మట్టి తవ్వకాలు, లేఅవుట్లు, సినిమా షూటింగుల బళ్ళు, గెడ్డల్లోకి మోటారు సైకిళ్ళ మీద దిగే కుర్రాళ్ళు అందరూ తలో చెయ్యి వేశారు. గట్టి రాయి కాదిది, గోటితో గీస్తే రాలే ఇసుక. ఒకసారి చదును చేస్తే మళ్ళీ హిమయుగం వచ్చిపోతే తప్ప పేరుకోదు.

భీమునిపట్నం

అందరూ భీమిలి అనే భీమునిపట్నం గోస్తని సముద్రంలో కలిసే చోట, పావురాలకొండ పాదాన ఉన్న చిన్న పట్టణం. కొండ మీద నరసింహస్వామి గుడి ఉండటం వల్ల దానికి నరసింహస్వామి కొండ అన్న పేరూ ఉంది. 17వ శతాబ్దం మధ్యలో ఇక్కడికి డచ్చి వర్తకులు, మన పెద్దలు వలందావాళ్ళు అన్నవాళ్ళు, వచ్చి దిగారు. వాళ్ళకు కావలసింది ఈ పరిసరాల్లో నేసే నూలుబట్ట. ఆ బట్టను ఆగ్నేయాసియా దీవులకు తీసుకుపోయి సుగంధ ద్రవ్యాలకు మార్చుకునేవారు. గిడ్డంగి, కోట, టంకశాల చుట్టూ ఊరు పెరిగింది. యూరప్‌లో ఇంగ్లండు, హాలండు మధ్య కుదిరిన ఒప్పందం ఫలితంగా 1825లో ఊరు బ్రిటిష్ వారి చేతికి వచ్చింది. ఊళ్ళోని డచ్చి శ్మశానంలో శిఖరాల్లాంటి ఎత్తయిన సమాధులున్నాయి. వాటి మీది రాతల్లో 17, 18 శతాబ్దాల తేదీలు చదవచ్చు. చాలామంది చిన్న వయసులో పోయినవాళ్ళే. మలేరియా, విరేచనాల ముందు వర్తక సామ్రాజ్యం ఎంత అల్పమో ఆ వయసుల లెక్క చెబుతుంది.

1861లో భీమిలి పురపాలక సంఘమైంది. దేశంలోనే తొలి మునిసిపాలిటీల్లో ఒకటని ఊరివాళ్ళు ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటారు. 2013లో అది విశాఖ మహానగర పాలక సంస్థలో కలిసిపోయింది. రేవులో ఓడలు ఆగడం ఎప్పుడో మానేశాయి. పక్కనే విశాఖలో లోతైన నౌకాశ్రయం 1933లో మొదలయ్యాక, సరుకును పడవల మీద ఓడదాకా మోసే పాతకాలపు రేవుతో ఎవరికీ పనిలేకపోయింది. తెలుగు సినిమా మాత్రం భీమిలిని వదల్లేదు. కె. బాలచందర్ ‘మరో చరిత్ర’ 1978లో వచ్చాక ఇక్కడి మెట్లు, గోడలు, ఒడ్డు ఒక తరానికి ప్రేమకథల చిరునామా అయ్యాయి.

ఒడ్డున ఇసుకను దగ్గరగా చూస్తే నల్లటి చారలు కనిపిస్తాయి. ఇల్మనైటు, గార్నెటు, మోనజైటు లాంటి బరువు ఖనిజాలవి. ఎగువన తూర్పు కనుమల రాళ్ళు శిథిలమై ఏరుల వెంట కొట్టుకొచ్చాక, అలలు తేలిక ఇసుకను లాక్కుపోయి బరువైన వాటిని వదిలేస్తాయి. అంటే అరకు కొండలు ముందుగానే పొడి రూపంలో భీమిలికి వచ్చి ఉన్నాయన్నమాట. ఊరు దాటాక గోస్తని వంతెన మీదుగా ఇంకో దారి భోగాపురం వైపు పోతుంది. అక్కడ విమానాశ్రయం వస్తున్న దగ్గర్నుంచి ఈ తీరపు ఎకరం ధర గురించి అడగకపోవడమే మంచిది.

మైదానం: పద్మనాభం, విజయనగరం

భీమిలి నుంచి లోపలికి తిరగ్గానే ఉప్పుగాలి ఆగి, వరిచేలు, తాటితోపులు, కొబ్బరి, మామిడి తోటలు మొదలవుతాయి. ఒంటరిగా నిలిచిన పద్మనాభం కొండ దూరం నుంచే కనిపిస్తుంది. పైన అనంతపద్మనాభస్వామి, కింద కుంతీమాధవస్వామి. మెట్లు పన్నెండు వందలకు పైనే. ఎక్కగలిగినవాళ్ళకు ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కనుమలు ఒకే చూపులో దొరుకుతాయి. మార్గం మొత్తం మీద ఆ వీలున్నది ఇక్కడే.

కొండ పాదం దగ్గర 1794 జూలై 10న జరిగిన యుద్ధం ఉత్తరాంధ్ర చరిత్రను మలుపు తిప్పింది. పేష్కషు (కప్పం) బాకీల పేరుతో ఈస్టిండియా కంపెనీ విజయనగరం సంస్థానాన్ని ఒత్తిడి చేసింది. రాజు చిన విజయరామరాజును భరణం తీసుకుని మచిలీపట్నం వెళ్ళి ఉండమంది. ఆయన వెళ్ళలేదు. తన అనుచరులతో పద్మనాభంలో విడిది చేశాడు. కర్నల్ ప్రెండర్‌గాస్ట్ నడిపిన కంపెనీ సేన తెల్లవారుజామున వచ్చిపడింది. పోరు ముగిసేసరికి రాజుతోపాటు ఆయన బంధువులు, సరదార్లలో పెక్కుమంది నేలకొరిగారు. బాలుడైన కొడుకు నారాయణబాబును కొండ జమీందార్లు తమ నెలవులకు తీసుకుపోయి కాపాడారు. మైదానంలో ఓడినవాళ్ళకు ఆశ్రయం కొండల్లో దొరకడం ఈ ప్రాంతంలో అదే మొదలు కాదు, అదే ఆఖరూ కాదు. చివరికి కంపెనీ రాజీకి వచ్చి, కుదించిన సంస్థానాన్ని నారాయణబాబుకు తిరిగి ఇచ్చింది. కొన్నేళ్ళకే, 1802లో, శాశ్వత శిస్తు పద్ధతి అమలైంది. జమీందారు యోధుడి నుంచి శిస్తు వసూలుదారుగా మారిపోయాడు.

విజయనగరాన్ని ఈ వ్యాసంలో తొందరగా దాటాల్సివస్తోంది. ఆ ఊరికి వేరే వ్యాసం కావాలి. 1713లో కట్టిన కోట, గంటస్తంభం, 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాలుగా మొదలైన సంగీత కళాశాల, ‘కన్యాశుల్కం’ రాసిన గురజాడ అప్పారావు ఇల్లు ఒక పూట ఆగేవారికి చాలు. దసరా దాటిన మంగళవారం జరిగే పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడైతే మాత్రం కారుతో ఊళ్ళోకి రాకండి.

విజయనగరం నుంచి ఎస్.కోట వైపు దారిలో, కొండలు దగ్గరపడే చోట తాటిపూడి జలాశయం ఉంది. గోస్తనికి అడ్డంగా 1963–68 మధ్య కట్టారు. పొలాలకు పారడంతోపాటు విశాఖ నగరానికి తాగునీరు కూడా దీని నుంచి వెళ్తుంది. అంటే, బీచ్ రోడ్డులో హోటల్ గదిలో తాగిన గ్లాసెడు నీళ్ళు ఇక్కడివి కావచ్చు. శృంగవరపుకోట ఘాట్‌కు గుమ్మం లాంటి ఊరు. దగ్గర్లో పుణ్యగిరి శివాలయం, దాని పక్కన కొండధార ఉన్నాయి. పెట్రోలు, బ్రేకులు, టైర్లలో గాలి చూసుకోవాల్సింది ఇక్కడే.

ఘాట్

బొడ్డవర దాటాక రోడ్డూ రైలూ రెండూ ఎక్కడం మొదలుపెడతాయి, కాకపోతే వేర్వేరు కొండవాలుల మీద. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం పొడవు 445 కిలోమీటర్లు. బస్తర్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపానుకు చేర్చడానికి 1960లలో వేశారు. యాభైకి పైగా సొరంగాలున్న ఈ లైను అప్పట్లో ఇంజనీరింగు సాహసం. అరకుకు ముందు వచ్చే సిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. బ్రాడ్‌గేజి మీద దేశంలోకెల్లా ఎత్తయినదని చాలాకాలం బోర్డు మీద రాసుకుంది. కాశ్మీరు లైను వచ్చాక ఆ ఘనత పోయింది. 2017లో ఇక్కడి రైలుకు అద్దాల పెట్టె వచ్చిన తర్వాత రైలు ప్రయాణమే అసలు అరకు యాత్ర అనే మాట ఎక్కువగా వినిపిస్తోంది. సొరంగాల సంగతి నిజమే గానీ, ఆగాలనిపించిన చోట ఆగే హక్కు రోడ్డుకే ఉంది.

రోడ్డు కాశీపట్నం, టైడా, డముకు, అనంతగిరి మీదుగా మెలికలు తిరుగుతూ పోతుంది. డముకు దగ్గర ఆగి వెనక్కి చూస్తే వచ్చిన దారి పొరలు పొరలుగా కనిపిస్తుంది. ఈ కొండల రాయికి భూవిజ్ఞానులు ఖోండలైటు అని పేరు పెట్టారు. ఇక్కడి ఖోండు ఆదివాసుల పేరే దానికి వచ్చింది. అనంతగిరి నుంచి రెండువైపులా సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మీదికి పాకిన మిరియపు తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. వేసవి తొలి జల్లులకు తెల్లగా పూసి, శీతాకాలంలో ఎర్రటి కాయలు కోతకు వస్తాయి. ఈ తోటల్లో ఎక్కువభాగం గిరిజన కుటుంబాల చేతిలో ఉన్న ఎకరం, రెండెకరాల చెక్కలు. పోడు కొట్టి రాగులు, సామలు పండించే వాలుల్లో నిలకడైన ఆదాయం రావాలని ప్రభుత్వ సంస్థలు కాఫీని ప్రోత్సహించాయి. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంతకు రెండేళ్ళ ముందే పారిస్‌లో అరకు పేరుతో దుకాణం వెలిసింది. దారి పక్క బడ్డీల్లో మాత్రం చాలాచోట్ల చికోరీ కలిపిన పొడే కాచి పోస్తారు. అచ్చమైన గింజ కావాలంటే అడిగి తీసుకోవాలి.

బొర్రా

అనంతగిరి దాటిన కొంతసేపటికి ప్రధాన రోడ్డు నుంచి ఒక శాఖ కుడివైపు బొర్రా గుహలకు దిగుతుంది. సముద్రమట్టానికి సుమారు 705 మీటర్ల ఎత్తున, ఖోండలైటు కొండల నడుమ చిక్కుకుపోయిన సున్నపురాతి పొరలో గోస్తని తొలుచుకున్న గుహలివి. లోతు సుమారు 80 మీటర్లు. వాననీరు గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని పలుచని ఆమ్లమై సున్నపురాతిని కరిగిస్తుంది. ఆ నీరే గుహ కప్పు నుంచి బొట్టుబొట్టుగా కారేటప్పుడు వాయువు విడిపోయి, సున్నం తిరిగి గడ్డకడుతుంది. పైనుంచి వేలాడే ఊడలు, కిందనుంచి లేచే స్తంభాలు అలా వచ్చినవే. రంగురంగుల విద్యుద్దీపాలు ఆ రాతి అసలు రంగును కనపడనివ్వవు. అది పర్యాటక శాఖ ఆలోచించుకోవాల్సిన విషయం. గంధకపు ఊట దగ్గర నారింజ రంగులో మందంగా పట్టిన సూక్ష్మజీవుల పొరను శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా పరిశీలించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వారికి ఇక్కడ పాత రాతియుగపు పనిముట్లు దొరికాయి.

గుహలను 1807లో భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ కనుగొన్నాడని చాలా పుస్తకాల్లో, బోర్డుల్లో రాసి ఉంటుంది. ఈ వాక్యాన్ని నమ్మవద్దు. ఆ సంస్థ పుట్టిందే 1851లో. విలియం కింగ్ అందులో పనిచేసింది 19వ శతాబ్దపు రెండో సగంలో. అసలు కనుగొనడం అన్న మాటకే ఇక్కడ పెద్ద అర్థం లేదు. గుహలో రాతిలింగాన్ని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తరతరాలుగా కొలుస్తున్నారు, శివరాత్రికి జాతర చేస్తారు. మేస్తున్న ఆవు పైనున్న కంతలోంచి పడిపోతే వెతుక్కుంటూ వెళ్ళిన పశువులకాపరికి లింగం కనిపించిందనీ, ఆవు పొదుగు నుంచే ఏరు పుట్టిందనీ వాళ్ళ కథ. నది పేరు ఆ కథను ఇప్పటికీ మోస్తోంది.

బొర్రా పేరు దేశ న్యాయ చరిత్రలోకి ఎక్కింది మాత్రం గుహల వల్ల కాదు. బొర్రా పంచాయతీ గ్రామాల భూముల్లో కాల్సైటు తదితర ఖనిజాల తవ్వకాలకు ప్రభుత్వం ప్రైవేటు సంస్థలకు లీజులు ఇచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకు వెళ్ళింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సమత తీర్పుగా ప్రసిద్ధం. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకూడదన్న నిబంధన ప్రభుత్వానికీ వర్తిస్తుందనీ, కాబట్టి ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదనీ కోర్టు తేల్చింది. గిరిజనుల సహకార సంఘాలు తవ్వుకోవచ్చంది. గాలికొండ వైపు బాక్సైటు నిల్వల మీద తర్వాత ఎన్నిసార్లు ప్రయత్నాలు జరిగినా, ప్రతిసారీ ఊళ్ళు ఎదురుతిరిగినప్పుడు ఈ తీర్పే వాళ్ళ చేతిలోని కాగితం. కొండల్లో బాక్సైటు పొర వాననీటిని పట్టి ఉంచి ఊటలుగా వదులుతుంది. దాన్ని తవ్వేస్తే గోస్తనికి, శారదా నదికి వేసవిలో నీరెక్కడిదన్న ప్రశ్న తాటిపూడి నీళ్ళు తాగేవాళ్ళదీ అవుతుంది. బొర్రాకు దగ్గర్లో ఉన్న కటికి జలపాతం ఈ ఏటిదే. అక్కడికి జీపులో కొంత, కాలినడకన కొంత వెళ్ళాలి.

అరకులోయ ఊళ్ళు

గాలికొండ మలుపుల తర్వాత సుంకరిమెట్ట, అక్కడి నుంచి దిగుడు. బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, కోదు, పోర్జ, గదబ తెగల ఊళ్ళతో నిండిన లోయ ఇది. ఊళ్ళ మధ్య వాడుక భాష చాలాచోట్ల ఆదివాసీ ఒడియా. దానితోపాటు కువి, గదబ, పోర్జ భాషలు ఇళ్ళలో వినిపిస్తాయి. తెలుగు బడిలో, సంతలో. 1839 చట్టంతో కంపెనీ ఈ కొండలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి కలెక్టరు ఏజెంటు పాలన కింద పెట్టింది. ఏజెన్సీ అనే మాట అప్పటి నుంచే. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో అరకు, అనంతగిరి మండలాలు చేరాయి. జిల్లా కేంద్రం పాడేరు.

ఊళ్ళ పాతతనం కోటల్లోనో శాసనాల్లోనో కనిపించదు. మట్టిగోడల ఇళ్ళ వరుసల అమరికలో, ఊరి చివర జాకరదేవత చెట్టు దగ్గర, చైత్రంలో వచ్చే ఇటుకల పండగలో కనిపిస్తుంది. గదబ ఆడవాళ్ళు ఒకప్పుడు అడవి నారతో కేరంగ్ అనే చారల బట్ట సొంతంగా నేసుకునేవారు. ఇప్పుడది మ్యూజియంలో చూడాల్సిందే. అరకులోని గిరిజన మ్యూజియం ఈ మార్గంలో తప్పక ఆగాల్సిన వాటిలో ఒకటి. థింసా ఆటలో ఆడవాళ్ళు చేతులు వెనకగా పెనవేసుకుని గొలుసులా కదులుతారు. తుడుము, డప్పు, కిరిడి, మోరి, జోడుకొమ్ములు మగవాళ్ళు వాయిస్తారు. రిసార్టులో పది నిమిషాలు ఆడి చూపేది వేరు, పెళ్ళిలోనో పండగలోనో రాత్రంతా ఆడేది వేరు. పిలవని పండగకు కెమెరాతో వెళ్ళకూడదు.

సంత రోజుల్లో లోయ వేరుగా ఉంటుంది. పసుపు, అల్లం, రాజ్‌మా, చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు, సీజన్‌ను బట్టి అనాస, సీతాఫలం కిందికి వెళ్తాయి. ఉప్పు, ఎండుచేప, బట్టలు పైకి వస్తాయి. ఆ ఎండుచేపలో కొంత మంగమారిపేట, భీమిలి ఒడ్డున ఆరినదే. నవంబరు, డిసెంబరుల్లో వలిసె చేలు పసుప్పచ్చగా పూస్తాయి. నూనెగింజల పంట అది. దిగి ఫొటో తీసుకోవడానికి రైతు పాతికో యాభయ్యో అడిగితే ఇవ్వడమే న్యాయం, తొక్కిన మొక్కలు ఆయనవి. పద్మాపురం తోటలు రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైనవి. ఇప్పుడు ఉద్యానవనం. వెదురు బొంగులో మసాలా పట్టించిన మాంసాన్ని కుక్కి నిప్పుల మీద కాల్చే బొంగు చికెన్ ఈ దారిలోని ప్రతి మలుపులోనూ దొరుకుతోంది. నూనె వేయకుండా, వెదురు తడికే ఉడకడం దాని గుణం. నూనె తేలుతూ ఉంటే అది బొంగులో పోసిన కూర.

ప్రయాణ కాలం

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అందరూ వెళ్ళే కాలం. డిసెంబరు, జనవరి ఉదయాల్లో లోయలో పొగమంచు తొమ్మిదింటి దాకా విడవకపోవచ్చు. వారాంతాల్లో ఘాట్ మీద బళ్ళు కిలోమీటర్ల పొడవున ఆగిపోతాయి. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోస్తని నిండుగా ఉంటుంది, జలపాతాలు బతికి ఉంటాయి, గదులూ చవక. అయితే కొండచరియలు విరిగి రోడ్డు మూసుకుపోయే కాలం కూడా అదే. వాయుగుండం హెచ్చరిక ఉంటే వెళ్ళవద్దు. భీమిలి తీరంలో ఈతకు దిగవద్దు, అక్కడి లోపలి ప్రవాహాలు ఏటా ప్రాణాలు తీస్తున్నాయి. 516ఇ రహదారి వెడల్పు పనులు జరిగే చోట్ల వేగం తగ్గించాలి. చీకటి పడ్డాక ఘాట్ ఎక్కవద్దు.

ఒక్క రోజులో ముగించాలని చూస్తే ఈ మార్గం కారు అద్దంలోంచి చూసిన సినిమాగానే మిగులుతుంది. తీరానికి ఒక రోజు, మైదానానికి ఒక రోజు, కొండకు రెండు రోజులు కేటాయించండి. భీమిలి వైపు నుంచే మొదలుపెట్టండి. వచ్చేటప్పుడు మాత్రం కొత్తవలస మీదుగా దగ్గరి దారినే రండి.